జీడిచుక్కలు

మల్లేశు ఫోన్‌లో మాట్లాడడు, అరుస్తాడు. చిన్నప్పుడే వాడి ఎడమ చెవి పోయింది. అవతలివాళ్లకు కూడా తనలాగే వినపడదని వాడి నమ్మకం. పోయిన నెల ఒక పొద్దున నేను నార్సింగిలో పాల ప్యాకెట్లు పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగింది.

"అత్త పోయింది రా!" అని అరిచాడు. ఆఫీసు బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లు ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఎప్పుడు అని అడిగితే వాడికి వినపడలేదు. "నిద్రల్నే పోయింది. తెల్లారి లేపితే లేవలే. జల్ది రా!" అని పెట్టేశాడు. నేను రోడ్డు మధ్యలోనే ఆగిపోయాను. ఒక కారువాడు అద్దం దించి బూతులు తిట్టాడు. నాకు కోపం కూడా రాలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. మా ఊరి బట్టలు ఉతికిన మనిషి. పెద్దవాళ్లు ఆమెను కులం పేరుతోనే కేకేసేవారు, పిల్లలం మాత్రం అత్తా అని పిలిచేవాళ్లం. నేను ముప్పై ఏళ్లకు పైగా పంతులు ఉద్యోగం చేశాను. పిల్లల చేత మాట్లాడించడం ఎలాగో మాకు శిక్షణలో పెద్ద పెద్ద మాటలతో చెప్పారు. బడిలో ఏం జరిగిందో పిల్లవాడి నోట చెప్పించే విద్య నాకు నిజంగా నేర్పింది అక్షరం ముక్క రాని అత్త. ఆ నేర్పడంలో మెత్తదనం ఏమీ లేదు. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి, ఈ కథ నిండా దెబ్బలే.

అరవైల చివర. మా ఊరు కోకాపేటకూ నార్సింగికీ నడుమ. బండలు, సీతాఫలం పొదలు, ఒక కుంట. కుంట ఒడ్డున అత్త బట్టలుతికే బండ. దానికి కొంచెం దూరంలో ఒకటే గదితో మా బడి. సారు పట్నం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. సైకిలు ముందు టిఫిను డబ్బా, వెనక చింతబరికెల కట్ట. బరికె విరిగేదాకా కొట్టేవాడు. విరిగితే, దెబ్బలు తిన్నవాడినే కొత్తది తెమ్మని పంపేవాడు. ఇంకా కోపం వస్తే కోదండం. దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి, కింద నుంచి పిక్కల మీద కొడతాడు, చేతులు జారితే మళ్లీ మొదటి నుంచి. రాముడి విల్లు పేరు ఆ పనికి ఎవడు పెట్టాడో గాని వాడిని దొరకబుచ్చుకుని అదే తాడుకు వేలాడదీయాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

దెబ్బలకన్నా చెడ్డది సాయంత్రం గంట కొట్టే ముందు జరిగేది. అందరినీ వరుసగా నిలబెట్టి అడిగేవాడు.

"ఇంట్ల, బళ్ళె ఏమైంది అని అడిగితె ఏం చెప్తరు?"

"ఏం కాలే సార్!"

"ఇనపడలే."

"ఏం కాలే సార్!"

ఎక్కాలు రానివాళ్లకు కూడా ఆ పాఠం వచ్చేది. అయినా ఇంట్లో చెప్పి ఏం లాభం? నన్ను బడిలో వేసిన రోజు మా నాన్న సారుతో అన్న మాట నాకు గుర్తుంది. "సారూ, కండ్లు రెండు ఇడిచిపెట్టుండ్రి. మిగిలిందంత మీ ఇష్టం." సారు కొట్టాడని చెబితే, ఎందుకు కొట్టించుకున్నావని గొడ్లను తోలే చెర్నకోల తీసేవాడు నాన్న.

అడిగేది అత్త ఒక్కతే. మూట కోసం ఇంటికి వచ్చినప్పుడు మా బట్టలను విడిగా తీసి చూసేది. లాగు వెనక ఆరిపోయిన తడి చార, అంగి వీపున సన్నటి గోధుమరంగు గీతలు, బొత్తాం ఊడిన చోట చినుగు, ఏదీ ఆమె కన్ను తప్పేది కాదు.

"బళ్ళె ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే అత్తా."

"నువ్వు ఏం కాలే అంటున్నవ్. నీ అంగి ఇంకోటి చెప్తున్నది. అంగికి అబద్ధమాడరాదు కొడుకా."

మేం అక్కడి నుంచి ఉరికేవాళ్లం.

ఒకరోజు సారు బల్ల మీది సుద్దముక్క కోసం చెయ్యి చాపి సిరాబుడ్డి పడగొట్టాను. హాజరుపట్టీ అంతా నీలం. సారు గది బయట ఉన్నాడు. నేను వచ్చి నా చోట కూర్చున్నాను. మల్లేశు పాపం లేచి వెళ్లి, బుడ్డిని నిలబెట్టి, అరచేతులతోనే పట్టీ తుడవబోయాడు. సారు లోపలికి వచ్చేసరికి వాడి చేతులు నీలంగా ఉన్నాయి. ఎవరు అని కూడా అడగలేదు. డస్టరు చెక్కవైపు తిప్పి వాడి ఎడమ చెవి మీద కొట్టాడు. ఒకటి, రెండు, మూడో దెబ్బకు వాడు పక్కకు ఒరిగిపోయాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి, అక్కడి నుంచి కాలరు లోకి దిగింది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఆ డస్టరు నా వైపు తిరుగుతుందని తెలుసు. సాయంత్రం వరుసలో అందరికన్నా గట్టిగా మల్లేశే అరిచాడు, "ఏం కాలే సార్!" అని. వాడి గొంతు పెద్దదైంది ఆ రోజు నుంచే.

ఆ అంగి అదే సాయంత్రం అత్త చేతికి వెళ్లింది. నెత్తురు మరక కనబడగానే చల్లనీళ్లలో ముంచాలి, వేడి తగిలినా ఆలస్యమైనా మరక కూర్చుంటుంది. ఆమె చేతులు పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని అది. చేతులు వాటి పని అవి చేసేశాయి. సారు మీద కోపంతో పళ్లు కొరుకుతూ, ఆ కోపమంతా బండ మీద చూపిస్తూ, అంగిని మల్లెపువ్వులా ఉతికేసింది. ఆరేశాక గాని ఆమెకు తట్టలేదు, ఏం చేసిందో.

అయినా మర్నాడు పటేలు అరుగు ముందుకు వెళ్లింది. "పిల్లగాని చెవిలకెళ్లి నెత్తురు కారింది పటేలా. అంగి మీద మరక నా కండ్లతోని చూసిన. చెవు పోతది."

సారును పిలిపించారు. సారు నవ్వాడు. "ఏదీ నెత్తురు? అంగి చూపియ్."

అత్త అంగి పట్టుకుని నిలబడింది. ఒక్క చుక్క లేదు. అరుగు మీద ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. ఆ తర్వాత మా ఇద్దరినీ ముందుకు లాగారు. మల్లేశుకు ప్రశ్న వినపడనే లేదు. సారు ముఖం చూసి అలవాటుగా "ఏం కాలే సార్!" అని అరిచాడు. నన్ను అడిగారు. నాన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను కూడా అదే మాట అన్నాను.

పటేలు మనిషి ఒకడు అరుగు దిగి వచ్చి అత్త చెంప మీద కొట్టాడు. "బట్టలుతుకుడు నీ పని. బడి సంగతి నీకెందుకే?" అంటూ మళ్లీ కొట్టాడు. చెయ్యి అడ్డం పెడితే గాజులు పగిలి మణికట్టు కోసుకుంది, పెదవి చీలింది. ఆమె భర్త తల దించుకుని కాళ్ల బొటనవేళ్లు చూసుకుంటున్నాడు. నేనేమో ఆమె చేతిలోని తెల్లంగినే చూస్తున్నాను. దాని మీద ఇప్పుడు నెత్తురు పడుతోంది, ఆమెది.

మర్నాడు బడి కాగానే మేమిద్దరం కుంట దగ్గరికి వెళ్లాం. ఆమె పెదవి వాచి ఒక పక్కకు తిరిగి ఉంది. మల్లేశు అరిచాడు, "ఏమైందత్తా?"

"ఏం కాలే బిడ్డా," అంది.

అన్నాక ఆగిపోయింది. తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో ఆమెకు అప్పుడు వినపడినట్టుంది. థూ అని ఉమ్మింది. ఉమ్మిలో ఎరుపు ఉంది. నానిన బట్టల్లోంచి పటేలు ధోతిని లాగి, మెలిపెట్టి, తల మీదుగా ఎత్తి బండ మీద కొట్టింది.

"అరుగు ముంగట!" దెబ్బ. "ఊరంత సూడంగ!" దెబ్బ. "గాడు నన్ను కొట్టిండు!" దెబ్బ. "నా మొగడు తలకాయ దించిండు!" ఆ దెబ్బకు ధోతి అంచు చిరిగింది. ఆమె ఏడుస్తోంది, కొడుతోంది, నీళ్లు మా ముఖాల మీద పడుతున్నాయి. పెద్దవాళ్లలో ఒకరు తమకు జరిగింది జరిగినట్టు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది, లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

ఆమె ఊపిరి తీసుకుని ఒక తడి దుప్పటి నా చేతిలో పెట్టింది. "నా మొఖం సూడకు. బండను సూడు. గట్టిగ కొట్టు, మెల్లగ చెప్పు."

మొదట ఉత్తినే కొట్టాను. పదో దెబ్బకో పదిహేనో దెబ్బకో మాట బయటికి వచ్చింది. కోదండం గురించి చెప్పాను. నిక్కరు తడిపినందుకు దాన్నే నెత్తి మీద పెట్టుకుని నిలబడమన్న రోజు గురించి చెప్పాను. సిరాబుడ్డి సంగతి చెప్పలేదు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లే."

ఆమె నా చేతిలోని దుప్పటి కొస పట్టుకుని పిండింది. నీళ్లు కారాయి. "ఇంక ఉన్నయి. ఇయ్యాల కాకుంటె రేపు పిండుదం తియ్యి," అంది. అంతే, బలవంతం చేయలేదు.

అప్పటి నుంచి బడి పిల్లలు ఒక్కొక్కరే కుంట దగ్గరికి రావడం మొదలైంది. పంతులునయ్యాక నేను చాలాసార్లు ఆలోచించాను, ఆమె దగ్గర మా నోళ్లు ఎందుకు పెగిలాయా అని. ఆమె మా కళ్లలోకి చూడలేదు. మా చేతులకు పని ఇచ్చింది. ఆ చప్పుడులో మా మాట మాకే సగం వినపడేది కాబట్టి సిగ్గు వేసేది కాదు. ముఖ్యంగా, ముందు తన గోడు తను చెప్పింది. మనం పిల్లలను తలుపు దగ్గరే నిలబెట్టి, సంచి కూడా దించకముందే "ఇవాళ బడిలో ఏమైంది?" అని పోలీసుల్లా అడుగుతాం. వాళ్లు ఏం లేదు అనక ఏమంటారు?

ఆమె చేసిన ఇంకో పని ఉంది. బట్టలుతికేవాళ్లు ఎవరింటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజకు ముల్లు గుచ్చి, ఆ రసంతో బట్ట మూల గుర్తు పెట్టేవారు. పైన సున్నం రాస్తే నల్లగా దిగుతుంది. బట్ట చిరిగిపోయినా ఆ గుర్తు పోదు. మల్లేశు అంగి ఉతికి మోసపోయిన తర్వాత అత్త, నెత్తురు మరక ఉన్న ప్రతి అంగికీ ముందు లోపలి అంచున ఒక జీడిచుక్క పెట్టి, ఆ తర్వాతే నీళ్లలో ముంచేది. జీడి రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఆ ఏడాదంతా ఆమె వేలికొసలు పొక్కులే. నా తెల్లంగికి ఎండాకాలం లోపు ఏడు చుక్కలు పడ్డాయి.

ఎండాకాలం ముందు బళ్ల తనిఖీ అధికారి జీపులో వచ్చాడు. ఆయన వస్తాడని నాలుగు రోజుల ముందే తెలిసి సారు బడికి సున్నం వేయించాడు. అత్త ఆ పొద్దున బడి పిల్లల అంగీలన్నీ లోపలివైపు పైకి తిప్పి, దారి పక్క బండల మీద పరిచింది. కుంట దగ్గర డ్రైవరు ఇంజనుకు నీళ్లు పట్టడానికి ఆపాడు. అధికారి దిగి, అంగీలు చూసి, కోస్తా మాటలో అడిగాడు.

"ఏమిటమ్మా ఈ చుక్కలు?"

"ఒక్కొక్క చుక్క ఒక్కొక్క రోజు నెత్తురు మరక సారూ. మరకలను నేనే కడిగిన. కడగకుంటె బాగుండు."

"నువ్వు చెబితే చాలదమ్మా. పిల్లలు చెప్పాలి."

"చెప్తరు. బళ్ళె అడిగితె చెప్పరు. గీడికి తోలియ్యుండ్రి. జర వాళ్ల మొఖం సూడకుండ్రి."

మమ్మల్ని కుంట దగ్గరికి పిలిపించారు. సారు కూడా వచ్చాడు. అధికారి వెనక నిలబడి మా వైపే చూస్తున్నాడు. బరికె లేదు గాని వేళ్లు ఆడుతున్నాయి. ఎవరూ కదల్లేదు. అత్త ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. నా ముందు ఒక తడి దుప్పటి పడేసి, పక్కకు వెళ్లి నిలబడింది.

సారు నెమ్మదిగా అన్నాడు, "ఏం చెప్తరు రా?"

నా నోట్లో ఆ మాట తయారుగా ఉంది. దాన్ని మింగడానికే ఎంతసేపు పట్టిందో చెప్పలేను. దుప్పటి ఎత్తి కొట్టాను. "మల్లేశు తప్పు లేదు!" మళ్లీ కొట్టాను. "సిరాబుడ్డి నేను పడగొట్టిన! సారు డస్టరుతోని మల్లేశు చెవు పలగ్గొట్టిండు!" సారు ఏయ్ అని ఒక అడుగు ముందుకు వేశాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. పిల్లలంతా మూట మీద పడి, దొరికిన గుడ్డ దొరికినట్టు లాక్కుని, ఎక్కడ బండ ఉంటే అక్కడ కొట్టడం మొదలుపెట్టారు. ఆడపిల్లలు కూడా. ఊళ్లో వాళ్లు ఏదో కొట్లాట అనుకుని కర్రలు పట్టుకుని ఉరికి వచ్చారు.

నెల తిరగకుండా సారు పోయాడు. శిక్ష ఏమీ పడలేదు, ఇంకో ఊరికి బదిలీ చేశారు, అంటే ఇంకో ఊరి పిల్లల మీదికి తోలారు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. నాన్న ఆ సాయంత్రం చెర్నకోలతో నా వీపు చిట్లగొట్టాడు. నా తెల్లంగికి ఎనిమిదో చుక్క. మల్లేశు నన్ను ఒకే ఒక్క గుద్దు గుద్దాడు, పన్ను ఊడింది. మర్నాడు వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు, పనిచేసే కుడి చెవి నా వైపు ఉండేలా. అప్పటి నుంచి వాడు ఎక్కడైనా నా ఎడమ పక్కనే కూర్చుంటాడు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడినైపోతాను. అత్త ఊరుకోదు.

డెబ్బయిల చివర నాకు పంతులు ఉద్యోగం వచ్చింది, గచ్చిబౌలి అవతల ఒక ఊళ్లో. మా ఇంటి నుంచే వెళ్లి వచ్చేవాడిని. అరవై మంది పిల్లలు, నేనొక్కడిని. ఒక మధ్యాహ్నం ఒక పిల్లవాడు నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వాడు. భయంతో నవ్వాడని ఇప్పుడు తెలుసు. చెయ్యి వెనక్కి తిప్పి ముఖం మీద కొట్టాను. ముక్కులోంచి బొటబొటా నెత్తురు కారి నా అంగి చేతి మీద పడింది. వాడు చొక్కాతో ముక్కు మూసుకుని నన్ను చూశాడు. నేనేమన్నానో తెలుసా? "ఇంట్ల అడిగితె ఏం చెప్తవ్?" అన్నాను.

"ఏం కాలే సార్," అన్నాడు వాడు. నాకు హాయిగా అనిపించింది. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజం అదే.

మర్నాడు అత్త మూట కోసం వచ్చి ఆ అంగిని విడిగా తీసి పట్టుకుంది. "బళ్ళె ఏమైందయ్యా?"

"ఏం కాలే అత్తా. ఎర్రసిరా."

"ఎర్రసిరానా," అంది. మూటలో వేసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు అంగి ఇస్త్రీ చేసి వచ్చింది. పొద్దున బడికి బయలుదేరుతూ తొడుక్కుని, చేతి అంచు బొత్తాం పెట్టుకోబోయాను. లోపలివైపు, సరిగ్గా మరక ఉన్నచోట, నల్లటి జీడిచుక్క. అలాగే గడప మీద కూర్చున్నాను.

బడికి వెళ్లలేదు. కుంటకు వెళ్లాను. అత్త తడి దుప్పటి ఇచ్చింది. ఇరవై దాటిన మగవాడిని, అరవై మందికి పంతులును, ఏడుస్తూ ఆ దుప్పటి పీలికలయ్యేదాకా కొట్టాను, అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆమె అడిగింది, "గిది నాకు చెప్తె ఏం ఫాయిదా? గా పోరనికి చెప్పు. వాని నాయిన ముంగట చెప్పు."

వెళ్లాను. వాకిట్లో నిలబడి, మీ కొడుకును కొట్టాను, ముక్కు పగిలింది, దాచమన్నాను, తప్పయింది అని చెప్పాను. ఆ తండ్రి కంగారుగా లేచి చేతులు జోడించాడు. "అయ్యో సారూ, గంత మాటెందుకు? కండ్లు రెండు ఇడిచిపెట్టుండ్రి, మిగిలిందంత మీ ఇష్టం," అన్నాడు. ఆ మాట నా చెంప పగలగొట్టినట్టు తగిలింది.

ఆ తర్వాత నేను ఏ పిల్లవాడి మీదా చెయ్యి ఎత్తలేదు. పనిచేసిన ప్రతి బడి వెనకా ఒక రాయి, బకెట్టు నీళ్లు, ఒక పాత తువ్వాలు పెట్టుకున్నాను. తోటి పంతుళ్లు నన్ను చాకలి సారు అని వెక్కిరించేవారు. బిరుదు బాగానే ఉందనుకున్నాను.

ఆ అంగి ఎప్పుడో చిరిగిపోయింది. చేతి అంచు మాత్రం కత్తిరించి దాచుకున్నాను. అత్తతో పాటు దాన్ని కూడా కాల్చేద్దామని ఆ రోజు వైకుంఠధామానికి జేబులో పెట్టుకుని వెళ్లాను. చితి అంటుకుంది. గోడ అవతల ఎత్తైన భవనాల అద్దాల్లో మంట కనబడుతోంది. గుడ్డ ముక్క బయటికి తీశాను. దారాలు తేలిపోయి చేతిలో పొడి అవుతున్నట్టుంది గాని చుక్క అలాగే ఉంది, నిన్న పెట్టినట్టు. మల్లేశు నా ఎడమ పక్కన ఉన్నాడు. అన్నేళ్ల స్నేహంలో ఈ ఒక్క సంగతి వాడికి చెప్పలేదు. నేను కూడా ఒక పిల్లవాడిని అలా కొట్టానని వాడికి ఎలా చెప్పను?

వాడు గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. "ఏమైంది రా?" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

ఆ పాత మాట నాలుక కొస దాకా వచ్చింది. గుడ్డను మంటలో వేయకుండా పిడికిట్లో బిగించాను.

"చెప్తా," అన్నాను.

మల్లేశు నా ముఖం చూడకుండా, కళ్లు చితి మీదే ఉంచి, పనిచేసే చెవిని నా వైపు తిప్పి నిలబడ్డాడు.